చేతిచిత్రముల ప్రథమదిన కవర్లు: అమెరికా దేశభక్తి చరిత్రకు చిన్న సాక్షులు

తపాలా బిళ్లలను ప్రోగుచేయుట బాలురకు సెలవులలో ప్రొద్దుపుచ్చు వినోదమని మనలో పెక్కుమంది తలంపు. ఆ తలంపు పూర్తిగా తప్పని చెప్పుటకు వీలులేదు. నేనును బాల్యమున అట్లే ప్రారంభించితిని. కాని ఆ వినోదమునందే యొక శాఖ కలదు. శ్రద్ధతో చూచువానికి అది చరిత్ర పరిశోధనకు తొలి పాఠమగును. అమెరికా సంయుక్త రాష్ట్రముల దేశచరిత్రను వస్తువుగా గైకొని, చేతితో రంగులు వేసి చిత్రించిన ప్రథమదిన కవర్లను సేకరించుటయే ఆ శాఖ. ఆ కవర్లు ఎట్టివి, అవి ఎట్లు పుట్టినవి, వానిలో ఆనాటిదానిని తరువాతిదానినుండి ఎట్లు వేరుచేయవలెను, వేరుచేసిన పిదప వానినుండి ఏమి తెలిసికొనవచ్చును అను విషయములను ఈ వ్యాసమున యథాశక్తి వివరింతును.

నాకీ విషయమునందు ఆసక్తి కలిగిన విధమును ముందుగా చెప్పుట యుక్తము. నేను ఒడిశా దక్షిణ భాగమున, బరంపురమునకు సమీపమున, అచ్చటి తెలుగు పిల్లలకు తెలుగు బోధించు ఉపాధ్యాయుడను. మా మేనమామగారు తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఒహాయో రాష్ట్రమందలి యొక సేకర్తతో వారికి ఏండ్ల తరబడి ఉత్తర ప్రత్యుత్తరములు నడచినవి. ఆయన తన దేశపు కవర్లను పంపగా, మామగారు మన దేశపు కవర్లను పంపుచుండిరి. మామగారు గతించిన పిదప మా అత్తయ్యగారు ఒక రేకుపెట్టెను నా చేతికిచ్చి, "నాయనా, ఇవేమిటో నాకు తెలియదు. మీ మామయ్య ప్రాణంగా దాచుకొన్నారు. నీ బడిపిల్లలకు పనికివస్తాయేమో చూడు" అనిరి. పెట్టెలో 43 కవర్లుండెను. వానిలో 11 చేతితో చిత్రించినవి. ఆ పదునొకండు కవర్లే ఈ వ్యాసమునకు మూలము.

కవరు, బిళ్ల, ముద్ర, చిత్రము

ప్రభుత్వము క్రొత్త తపాలా బిళ్లను విడుదల చేయునపుడు ఒక తేదీని, ఒక ఊరిని ముందుగా ప్రకటించును. ఆ బిళ్లను అంటించి, ఆ ఊరి తపాలా ముద్రను ఆ తేదీతో వేసిన కవరే ప్రథమదిన కవరు. వాడుకలో దీనిని ఫస్టు డే కవరు అందురు. ఊరిని ఎన్నుకొనుటలో సాధారణముగా ఒక కారణముండును. అమెరికా జాతీయగీతమును రచించిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ స్మారకపు బిళ్ల 1948 ఆగస్టు 9న మేరీలాండు రాష్ట్రమందలి ఫ్రెడరిక్ పట్టణమున వెలువడినది. ఆయన సమాధి ఆ పట్టణముననే కలదు. ఏబది నక్షత్రముల జెండాగల బిళ్ల 1960 జూలై 4న హోనొలులు నగరమున వెలువడినది. ఏలయన, ఏబదియవ రాష్ట్రమైన హవాయికి అది రాజధాని.

కవరుపై కుడివైపున బిళ్లయు, ముద్రయు నుండగా, ఎడమవైపున సందర్భమునకు తగిన చిత్రమో, వ్రాతయో ఉండును. దానికి కాషే యని పేరు. ఇది ఫ్రెంచి మాట. ముద్ర యని దాని మూలార్థము. ఫ్రెంచి నేర్చిన యానాము పెద్దలకు ఈ మాట క్రొత్తగాదు. కాషేలు మూడు తెగలు. మొదటిది పూర్తిగా అచ్చువేసినది. రెండవది, నల్లని గీతలను అచ్చువేసి, వాని నడుమ చేతితో రంగులు నింపినది. మూడవది, పెన్సిలు గీతనుండి తుది రంగువరకు సర్వమును ఒక మనుష్యుడు చేతితో చేసినది. ఈ మూడవ తెగ కవర్లనే మనము చేతిచిత్రముల కవర్లనవలెను. రెండవ తెగవానిని మూడవ తెగవని పొరపడుట కలదు. భూతద్దముతో చూచినచో అచ్చుగీత ఒకే మందముతో నల్లగా కనిపించును. రంగు ఆ గీతను దాటి అచ్చటచ్చట వెలికి వచ్చియుండును. నిజమైన చేతిచిత్రమున గీత సన్నమై, లావై, త్రెంపులతో సాగును. పలుచని రంగు క్రింద పెన్సిలు జాడ తరచుగా కానవచ్చును. ఇప్పటి కంప్యూటరు యంత్రములు ముద్రించిన చిత్రమైనచో భూతద్దము క్రింద సన్నని రంగుచుక్కలుగా విడిపోవును.

ఈ అలవాటు పుట్టిన విధము

దేశభక్తిని కవరుపై ప్రకటించుట అమెరికాకు క్రొత్తగాదు. 1861 మొదలు 1865 వరకు జరిగిన అంతర్యుద్ధకాలమున జెండాలు, గ్రద్దలు, సేనానుల రూపములు అచ్చువేసిన కవర్లు విరివిగా అమ్ముడుపోయినవి. వానిని నేటికిని సేకర్తలు దేశభక్తి కవర్లని ప్రత్యేకముగా పిలుతురు. కాని అవి ప్రథమదిన కవర్లు కావు.

ప్రథమదిన కవరుపై కాషేను ముద్రించిన తొలివాడు ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరవాసి జార్జి వార్డ్ లిన్ అని సేకర్తలు సాధారణముగా అంగీకరింతురు. అధ్యక్షుడు హార్డింగు 1923 ఆగస్టు 2న మరణించెను. ఆయన స్మారకముగా నల్లని రెండు సెంట్ల బిళ్ల అదే సంవత్సరము సెప్టెంబరు 1న విడుదలయ్యెను. దానికై లిన్ సంతాపవాక్యములతో కవర్లను అచ్చువేసెను. అది వ్రాతయేగాని చిత్రము కాదు. అయినను కవరు ఎడమభాగమును ఉపయోగించుకొనవచ్చునను భావము అంతటితో వ్యాపించినది. 1937 జూలై 13న, వాయవ్య భూభాగ శాసనమునకు నూటయేబదియేండ్లు నిండిన సందర్భపు బిళ్లతో, విడుదలయైన తొలిదినము అను అర్థముగల వాక్యమును తపాలా శాఖవారు మొదటిసారిగా ముద్రలోనే చేర్చిరి. కావున అంతకుపూర్వపు తేదీగల ముద్రలో ఆ వాక్యమున్నచో సందేహింపవలెను. 1939లో ఆర్ట్‌క్రాఫ్ట్ వంటి అచ్చు సంస్థలు వెలసి, చెక్కుడు చిత్రముల కాషేలను వేలకొలది అందింపసాగినవి. 1955లో అమెరికా ప్రథమదిన కవర్ల సంఘము స్థాపితమై ఈ విద్యకొక పద్ధతిని కల్పించినది.

అచ్చు కాషేలు చౌకగా దొరకుచుండగా చేతితో చిత్రించుట ఏల? ఈ ప్రశ్నకు సమాధానము బిళ్లలోనే కలదు. 1950ల నడిమివరకు అమెరికా స్మారకపు బిళ్లలు చాలవరకు ఒకే రంగుతో అచ్చుపడినవి. 1942 జూలై 4న వెలువడిన యుద్ధవిజయపు బిళ్లపై రెక్కలను విజయచిహ్నముగా చాచిన గ్రద్ద ఊదారంగున నున్నది. 1945 జూలై 11న వెలువడిన ఈవో జీమా బిళ్లపై నావికా సైనికులును, వారెత్తిన జెండాయును ఆకుపచ్చనే. ఎరుపు, తెలుపు, నీలము కలసిననేగాని ఆ దేశపు జెండా జెండాగా కనబడదు. బిళ్ల ఇవ్వలేని ఆ మూడు రంగులను కుంచె ఇచ్చినది. డొరొతీ నాప్ అను చిత్రకారిణి 1940లలో చిత్రించిన కవర్లు ఈ తెగలో మిక్కిలి పేరుపొందినవి. కవరంతయు తన చిత్రమున కలిసిపోవునట్లు, బిళ్లయు అందొక భాగమని తోచునట్లు చిత్రించుట ఆమె ప్రత్యేకత.

రంగుల బిళ్లలు అప్పట్లో లేకపోలేదు. 1943 జూన్ 22న పోలండుతో మొదలై, 1944 నవంబరు 2న కొరియాతో ముగిసిన పదుమూడు ఆక్రమిత దేశముల వరుసలో ఆయా దేశముల జెండాలు నిజమైన రంగులలో ఉన్నవి. ప్రభుత్వ ముద్రణాలయమున అన్ని రంగులను అచ్చువేయు సాధనము లేనందున ఆ పనిని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీకి అప్పగించిరి. ప్రభుత్వ ముద్రణాలయము జియోరి యంత్రమును గొని 1957 జూలై 4న జెండా బిళ్లను నీలము, ఎరుపు రంగులతో వెలువరించినది. పిదప బిళ్లయే రంగుల చిత్రమయ్యెను. 1976లో స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది వచ్చినపుడు ఏబది రాష్ట్రముల జెండాలతో ఏబది బిళ్లలు ఫిబ్రవరి 23న ఒకేమారు వెలువడినవి. అయినను చేతిచిత్రము అంతరింపలేదు. అవసరముగా పుట్టిన అలవాటు అభిమానముగా నిలిచినది.

ఒక బాలిక లెక్కించిన నక్షత్రములు

ఇక నా పొరపాటును చెప్పవలెను. మామగారి పెట్టెలోని కవర్లలో 1942 జూలై 4 నాటి యుద్ధవిజయపు బిళ్ల కవరొకటి కలదు. ఎడమవైపున ఒక తల్లి కిటికీలో దీపము పెట్టుచుండగా, ఆమె వెనుక గోడపై జెండా వ్రేలాడుచుండును. ముఖమునందలి దిగులును, దీపపు పసుపు వెలుగును అంత చక్కగా వేసిన చిత్రము ఆ పెట్టెలో వేరొకటి లేదు. మా బడిలో చరిత్ర ప్రదర్శనము జరిగినపుడు దానిని గాజుపలక క్రింద నుంచి, "1942లో యుద్ధము నడుచుచుండగా చిత్రింపబడినది" అని పెద్ద అక్షరములతో చీటీ వ్రాసితిని. కొడుకు యుద్ధమునకు పోయిన తల్లి యని పిల్లలకు కథగా చెప్పితిని కూడ.

మధ్యాహ్నమున ఏడవ తరగతి బాలిక యొకతె నా చేయి పట్టి అచ్చటకు తీసికొనిపోయి, "మాస్టారూ, అప్పుడు అమెరికాకు నలభై ఎనిమిది రాష్ట్రాలేనని మీరే చెప్పారు గదండీ. ఈ జెండాలో యాభై చుక్కలున్నాయేం?" అని అడిగినది. నేను నమ్మక భూతద్దము తెచ్చి లెక్కించితిని. ఆరు, ఐదు, ఆరు, ఐదు చొప్పున తొమ్మిది వరుసలు, మొత్తము ఏబది. 1912 నుండి 1959 వరకు ఆ దేశపు జెండాలో నక్షత్రములు 48. వరుసకు ఎనిమిది చొప్పున ఆరు వరుసలు. 1959లో అలాస్కా, హవాయి రాష్ట్రములైనవి. ఆ యేడు జూలై 4న 49 నక్షత్రముల జెండాయు, 1960 జూలై 4న 50 నక్షత్రముల జెండాయు వచ్చినవి. 1942లో కుంచె పట్టినవాడు రానున్న జెండాను వేయజాలడు గదా! కవరు, బిళ్ల, ముద్ర 1942 నాటివే. చిత్రము మాత్రము 1960 తరువాతిది. నేను చీటీని చింపివేసి, ఆ బాలిక చేతనే క్రొత్త చీటీని వ్రాయించితిని.

పాత సాదా కవరుపై తరువాతి కాలమున చిత్రము చేర్చుట సేకర్తలలో తెలిసిన సంగతియే. అది ఎల్లప్పుడును మోసము కాదు. ఎవరో ఒకరు ప్రీతితో చిత్రించి, తన పేరును, సంవత్సరమును వెనుకవైపున వ్రాసినచో అది సత్యమైన వస్తువే. వ్రాయకపోవుటచేతనే అది తరువాతివారి చేతిలో అబద్ధమగును. ఈ కవరు విషయమున చిత్రకారునిది ఎంత లోపమో చెప్పజాలను. పరీక్షింపక చీటీ వ్రాసిన లోపము నాదే.

పరీక్షించు విధములు

ఆ దినమునుండి నేను ప్రతి కవరును వరుసగా కొన్ని ప్రశ్నలు అడుగుచున్నాను. క్రొత్తగా ప్రారంభించువారికి ఉపకరించునని వానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదటిది, చిత్రములోని వస్తువులు ముద్రలోని తేదీకి తగియున్నవా? జెండాలోని నక్షత్రముల సంఖ్య అన్నిటికన్న సులభమైన గుర్తు. ఫ్రాన్సిస్ స్కాట్ కీ కవరుపై మరియొక చిక్కు కలదు. 1814 సెప్టెంబరులో మెక్‌హెన్రీ కోటపై ఆయన చూచిన జెండాకు 15 నక్షత్రములు, 15 చారలు. చారలు మరల 13గా స్థిరపడినది 1818 శాసనముతో. కోటపై పదుమూడు చారలు వేసిన చిత్రము చరిత్ర దృష్టిచే తప్పు. కాని అంతమాత్రమున ఆ కవరు దొంగది కాదు. చిత్రకారుడు గతమును గూర్చి పొరపడవచ్చును. భవిష్యత్తును మాత్రము ముందుగా చూడజాలడు. ఈ భేదమును మనసునందుంచుకొనవలెను.

రెండవది, రంగు ఎట్టిది? 1940ల చేతిచిత్రములకు నీటిరంగులు, సిరాలు వాడుక. నీటితో కలుపుకొను అక్రిలిక్ రంగులు చిత్రకారులకు అంగడిలో దొరకుట 1950ల నడుమనుండియే. 1942 కవరుపై ప్లాస్టిక్ పొరవలె మెరయు రంగున్నచో ఆలోచింపవలెను.

మూడవది, కాగితము ఎట్టిది? తెల్లదనమును పెంచు రసాయనములను కాగితమున కలుపుట సుమారు 1950 తరువాత వ్యాపించినది. అతినీల లోహిత దీపము క్రింద అట్టి కాగితము నీలితెలుపుగా మెరయును. అంతకుపూర్వపు కాగితము మసకగా నుండును. నోట్లను పరీక్షించుటకు దుకాణములలో వాడు చిన్న దీపము ఈ పనికి చాలును. ఈ పరీక్ష కవరు వయస్సును చెప్పునేగాని, పాత కవరుపై వేసిన చిత్రపు వయస్సును చెప్పజాలదు.

నాలుగవది, చిరునామా ఏమి చెప్పుచున్నది? అమెరికాలో జిప్ సంఖ్యలు 1963 జూలై 1న ప్రారంభమైనవి. అంతకుపూర్వపు ముద్రగల కవరుపై అయిదంకెల జిప్ సంఖ్య ఉన్నచో, ఆ చిరునామా పిమ్మట వ్రాసినదే.

అయిదవది, ముద్ర సిరా రంగుపై ఉన్నదా, రంగు సిరాపై ఉన్నదా? చిత్రము కవరంతయు పరచుకొన్నపుడు రెండును ఒకచోట కలియును. సిరా పైనున్నచో చిత్రము ముద్రకు ముందే వేసినది. రంగు పైనున్నచో పిదప వేసినది. పిదప వేసినంతనే దోషములేదు. ముద్రపడిన సాదా కవర్లను తెప్పించుకొని, ఆ వారములలోనే చిత్రించుట చిత్రకారుల అలవాటు. పైగా తపాలా శాఖవారు టపాలో వచ్చిన కోరికలకు కొంత గడువువరకు ఆ మొదటి తేదీ ముద్రనే వేసి పంపుదురు. కావున ముద్రలోని తేదీ బిళ్ల పుట్టినదినమును చెప్పునేగాని, కవరుపై జరిగిన ప్రతి పనికిని తేదీ కాదు.

చిత్రము చెప్పునది, చెప్పనిది

కవరు ఆనాటిదేయని తేలిన పిదప అసలు ప్రశ్న మొదలగును. దాని చిత్రము చరిత్రయేనా? బెట్సీ రాస్ అను ఫిలడెల్ఫియా వనిత తొలి జెండాను కుట్టి వాషింగ్టనునకు చూపుచున్నట్లు 1952 జనవరి 2న ఒక బిళ్ల వెలువడినది. అది చార్లెస్ వైస్‌గర్బర్ వేసిన తైలచిత్రమునకు ప్రతి. ఈ కథను ఆమె మనుమడు విలియం కాన్బీ 1870లో ఒక సభలో చదివి లోకమునకు తెలిపెను. జెండా శాసనము 1777 జూన్ 14 నాటిది. ఆమె ఆ తొలి జెండాను కుట్టినట్లు ఆ కాలపు పత్రమేదియు దొరకలేదు. ఆమె జెండాలు కుట్టినదనుట మాత్రము నిజము. కాబట్టి ఆ కవరును 1777కు సాక్ష్యముగా గైకొనరాదు. ఒక జాతి తన పుట్టుకను గూర్చి 1952లో ఏమి నమ్మినదో దానికి అది చక్కని సాక్ష్యము.

ఈవో జీమా కవర్లు మరియొక పాఠమును నేర్పును. 1945 ఫిబ్రవరి 23న జో రోసెంతాల్ తీసిన ఛాయాచిత్రమునుండి ఆ బిళ్ల పుట్టినది. జెండా నెత్తిన ఆరుగురి పేర్లను ఆ వసంతముననే ప్రకటించిరి. 1947లో హాన్సెన్ అను పేరును తొలగించి హార్లన్ బ్లాక్ పేరును చేర్చిరి. 2016లో జాన్ బ్రాడ్లీకి బదులు హెరాల్డ్ షుల్జ్ అనియు, 2019లో రెనే గాన్యన్‌కు బదులు హెరాల్డ్ కెల్లర్ అనియు నావికా సైనికదళమువారే సవరించిరి. 1945 నాటి చిత్రకారుడు ఎవడేని ఆ పేర్లను కవరుపై వ్రాసియున్నచో వానిలో మూడు నేడు తప్పు. అయినను వానిని చెరిపి దిద్దుట కూడదు. ఆ తప్పే ఆ కవరు ఆనాటిదని చెప్పు గుర్తు. సవరణము మన పుస్తకములో ఉండవలెను, కవరుపై కాదు.

చిత్రము చెప్పనిదానిని గూడ సేకర్త గుర్తుంచుకొనవలెను. యుద్ధవిజయపు గ్రద్ద వెలువడిన 1942లోనే, ఫిబ్రవరి 19 నాటి అధ్యక్షుని ఉత్తరువును అనుసరించి, జపాను సంతతికి చెందిన సుమారు 1,20,000 మందిని ఇండ్లనుండి తరలించి శిబిరములలో నిర్బంధించిరి. వారిలో పెక్కురు ఆ దేశపు పౌరులే. ప్రభుత్వము 1988లో చట్టముచేసి క్షమాపణ చెప్పెను. ఆ సంతతి సైనికుల గౌరవార్థము తపాలా బిళ్ల 2021 జూన్ 3న వెలువడినది. నల్లజాతివారిలో తొలిసారిగా అమెరికా బిళ్లపైకి వచ్చినవాడు బుకర్ టి. వాషింగ్టన్; అది 1940 ఏప్రిల్ 7న. స్వాతంత్ర్యయుద్ధమున బంకర్ హిల్ వద్ద పోరాడిన సేలం పూర్ అను నల్లజాతి సైనికునికి 1975లోను, బానిసలను విడిపించిన హారియెట్ టబ్మన్‌కు 1978లోను ఆ స్థానము లభించినది. ఈ బిళ్లల కవర్లను జెండా కవర్ల ప్రక్కనే అమర్చినచో దేశభక్తి అను మాట ఎట్లు విస్తరించినదో పిల్లలకు ఉపన్యాసములేకయే తెలియును. నా అమరికలో అట్లే చేసితిని.

ఆ పెట్టెలో మన దేశమునకు సంబంధించినది ఒకటి కలదు. స్వాతంత్ర్య వీరులు అను వరుసలో 1957 నుండి 1961 వరకు అమెరికా ఇతర దేశముల మహనీయులకు బిళ్లలు వెలువరించినది. ఫిలిప్పీన్సు నాయకుడు మాగ్సైసాయితో మొదలైన ఆ వరుస మహాత్మాగాంధితో ముగిసినది. గాంధిగారి బిళ్లలు రెండు, 4 సెంట్లు, 8 సెంట్లు; విడుదల 1961 జనవరి 26న, వాషింగ్టన్ నగరమున. మన గణతంత్ర దినమునే ఎన్నుకొనిరి. మామగారి మిత్రుడు ఆ కవరుపై ఒక రాట్నమును తన చేతితోనే వేసి పంపెను. రాట్నపు నిర్మాణము తెలియక చక్రమునకు బండిచక్రమువలె లావైన ఆకులు వేసెను. వెనుకవైపున మాత్రము పెన్సిలుతో తన పేరును, చిత్రించిన తేదీని, చిత్రమును ఊహించి వేసితినను మాటను వ్రాసెను. ఆ యొక్క వాక్యముచేత ఆ రాట్నము తప్పయినను సత్యమయ్యెను.

కాపాడుట

చేతిచిత్రమునకు ప్రథమశత్రువు వెలుతురు. నీటిరంగులు, అందును ఎరుపు వన్నెలు, ఎండలో వెలిసిపోవును. గోడకు తగిలింపరాదు, ప్రదర్శనమునందైనను కొలది దినములే ఉంచవలెను. రెండవది తేమ. మా తీరప్రాంతమున వానకాలమందు కవరుమూతల జిగురు కరగి ఒకదానికొకటి అంటుకొనును, బూజు పట్టును. కవర్ల నడుమ ఆమ్లము లేని కాగితమును పెట్టి, తేమను పీల్చు సిలికా పొట్లములను పెట్టెలో ఉంచి, వానిని అప్పుడప్పుడు మార్చవలెను. మెత్తని పివిసి సంచులు కాలక్రమమున జిడ్డును విడిచి రంగును పాడుచేయును. పాలియెస్టరు తొడుగులు మేలు. రబ్బరు పట్టీలు, గుండుసూదులు, అంటుపట్టీలు తగిలింపరాదు. లామినేషను చేయించుట కవరును పోగొట్టుకొనుటతో సమానము. తడిగుడ్డతో తుడిచినచో చిత్రమే పోవును.

వీటన్నిటికంటె ముఖ్యము చీటీ. ప్రతి కవరునకు వేరుగా ఒక కాగితముపై బిళ్ల పేరు, ముద్ర తేదీ, ఊరు, చిత్రకారుని పేరు తెలిసినచో ఆ పేరు, ఎవరివలన ఎప్పుడు వచ్చినది, ఏ పరీక్షలు చేసితిమి, ఏది ఇంకను సందేహము అని వ్రాసి జతపరుపవలెను. కవరుపై క్రొత్తగా ఏమియు వ్రాయరాదు. సందేహమును సందేహముగా వ్రాయుటకు సిగ్గుపడరాదు.

ముగింపు

దూరదేశపు జెండాల కవర్లు మనకేల యని ఒకరిద్దరు మిత్రులు నన్నడిగిరి. నేను ఇచ్చు సమాధానమిది. స్వంత ఊరికి దూరముగా తరతరములు నివసించు మనవంటివారి చరిత్ర రాజశాసనములలో తక్కువ. ఇంటి పెట్టెలలోని కాగితములలో ఎక్కువ. గంజాము ప్రాంతమునుండి రంగూనుకు వలసపోయినవారు ఇంటికి వ్రాసిన కార్డులు, ఫ్రెంచి ఇండియా బిళ్లలతో 1954కు పూర్వము యానామునుండి వచ్చిన ఉత్తరములు, పెండ్లి శుభలేఖలు, భూమి కాగితములు, తాతలు స్వహస్తముతో వ్రాసికొన్న లెక్కలు, ఇవియే మన సాక్షులు. వానిపై తేదీ ఏది, చేయి ఎవరిది, పిదప చేర్చినది ఏది యని అడుగుట నేర్వనిచో మనమును అందమైన కథకు చీటీ వ్రాసి గాజుపలక క్రింద పెట్టుదుము. ఆ అడుగుటను మా బడిపిల్లలు అమెరికా కవర్లపై అభ్యసించిరి. ప్రదర్శనము ముగిసిన వారమునకే ఆ బాలిక తన ముత్తాత రంగూనునుండి వ్రాసిన కార్డునొకదానిని తెచ్చి, "ముద్రలో సంవత్సరం సరిగ్గా కనబడడం లేదండీ, భూతద్దం ఇస్తారా?" అని అడిగినది.

మామగారి పెట్టె ఇప్పుడు మా బడి గ్రంథాలయమున ఉన్నది. చుక్కలు ఎక్కువైన ఆ కవరును తొలగింపలేదు. అది తన క్రొత్త చీటీతో అన్నిటికంటె ముందు వరుసలో ఉన్నది.